అశ్వశక్తికి తూనికరాయి

మోటారు వాహనాలను గురించి నలుగురు మాట్లాడుకునే చోట అశ్వశక్తి అనే మాట తరచుగా వినబడుతుంది. తమ బండికి వంద గుర్రాల బలం ఉన్నదని ఒకరంటే, తమ బండికి నూట ఇరవై ఉన్నదని మరొకరంటారు. బియ్యం కొనేవాడు తక్కెడను చూస్తాడు; బంగారం కొనేవాడు తక్కెడతో పాటు గీటురాయిని కూడ చూస్తాడు. మరి ఇంజను బలాన్ని ఏ తక్కెడలో తూచారు? ఆ తక్కెడను గూర్చీ, దాని ముందు పరీక్షకు నిలవడానికి పందెపు కారు ఇంజనును ఎట్లా సిద్ధం చేస్తారనే విషయాన్ని గూర్చీ ఈ ప్రసంగంలో కొంత ముచ్చటిస్తాను.

అశ్వశక్తి అనే కొలతను స్థిరపరచినవాడు స్కాట్లండు దేశీయుడైన జేమ్స్ వాట్. 18వ శతాబ్ది చివరి భాగంలో ఆయన తన ఆవిరి యంత్రాలను అమ్మజూపినప్పుడు, అంతవరకు గుర్రాలతో పని చేయించుకుంటున్న యజమానులకు కావలసిన సమాధానం ఒక్కటే: ఈ యంత్రం ఎన్ని గుర్రాల పెట్టు? వాట్ లెక్క కట్టి, నిమిషానికి 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తుకు లేపగల శక్తిని ఒక అశ్వశక్తిగా నిర్ణయించాడు. మెట్రిక్ మానంలో సెకనుకు 75 కిలోల బరువును ఒక మీటరు ఎత్తుకు లేపగల శక్తిని అశ్వశక్తి అంటారు. ఈ రెండు మానాలకు గల భేదం నూటికి ఒకటిన్నర పాలు కూడ ఉండదు.

ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడవలసి ఉన్నది. మోట తోలిన రైతుకు ఈ భేదం ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. నిండు బానను బావిలోనుండి పైకి లాగే ఎడ్ల బలం ఒకటి. గంటకు ఎన్ని బానల నీరు కాలువలో పడిందనేది మరొకటి. ఇంజను విషయంలో మొదటిదానిని టార్కు అంటారు. అంటే ఇరుసును మెలిపెట్టి తిప్పే బలం. ఆ బలం నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పుతున్నదో కూడ చేర్చి లెక్కిస్తే వచ్చేది అశ్వశక్తి. కనుక అశ్వశక్తిని ఎవరూ నేరుగా తూచలేరు. టార్కును తూచి, చుట్లను లెక్కించి, రెండింటినీ గుణించి తెలుసుకోవలసినదే.

ఈ తూనికకు మొదటి దారి చూపినవారిలో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు గాస్పార్ ద ప్రోనీ ముఖ్యుడు. 1821లో ఆయన తిరిగే ఇరుసును రెండు కొయ్యదిమ్మెల నడుమ బిగించి, ఆ దిమ్మెలకు ఒక పొడుగాటి చేతిని అమర్చాడు. ఇరుసు తిరుగుతూ ఆ చేతిని తనతోపాటు లాక్కొనిపోజూస్తుంది. చేయి కదలకుండా ఉండడానికి దాని కొసన ఎంత బరువు కావలసి వచ్చిందో అదే టార్కుకు తూనిక. ఉపాయం చక్కనిదే గాని, రాపిడికి కొయ్య కాలిపోయేది. ఓడల నిర్మాణంలో ప్రసిద్ధుడైన ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు విలియం ఫ్రూడ్, 1877 ప్రాంతంలో, కొయ్యకు బదులు నీటిని వాడాడు. ఒక పెట్టెలో నీరు పోసి, ఆ నీటిలో చక్రాన్ని ఇంజను చేత తిప్పిస్తారు. నీరు చక్రాన్ని అడ్డగిస్తుంది. ఆ అడ్డు వల్ల పెట్టె కూడ తిరగబోతుంది. పెట్టెకు అమర్చిన చేయి త్రాసును నొక్కుతుంది. డైనమోమీటరు, లేదా వాడుకలో డైనో అని పిలువబడే యంత్రానికి మూలసూత్రం ఇదే. నేడు నీటికి బదులు అయస్కాంత బలంతో ఆపేవీ, విద్యుత్తును పుట్టించి తూచేవీ కూడ ఉన్నవి. వేషం మారినా తూచే తీరు మారలేదు.

ఈ నీరు ఎంత పనికి తట్టుకోవాలో ఒక లెక్క చెబుతుంది. 400 అశ్వశక్తుల ఇంజను బలమంతా ఆ పెట్టెలో వేడిగా మారుతుంది. సెకనుకు ఒక లీటరు చొప్పున 30 డిగ్రీల నీటిని అందులోకి పంపితే, బయటికి వచ్చేసరికి మరిగే స్థితికి చేరుతుంది. అందుచేత పరీక్షాగారంలో ఇంజనుతో పాటు నీటి ప్రవాహాన్ని కూడ క్షణం ఏమరక కనిపెట్టి ఉండాలి.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాము. డైనో చేయి పొడవు ఒక మీటరు. ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుండగా త్రాసు 20 కిలోలు చూపించింది. ఇరవైని ఐదువేలతో గుణించి 716 చేత భాగిస్తే సుమారు 140 అశ్వశక్తులు. వేగాన్ని 6,500 చుట్లకు పెంచితే త్రాసు 17 కిలోలకు పడిపోయింది. కాని లెక్క కడితే అశ్వశక్తి 154 అయింది. మెలిపెట్టే బలం తగ్గినా, చుట్లు పెరగడం వల్ల మొత్తం శక్తి పెరిగిందన్నమాట. పందెపు ఇంజన్లు చెవులు చిల్లులు పడేట్లు అంత వేగంతో ఎందుకు తిరుగుతాయో ఈ చిన్న గుణకారం వల్ల తెలుస్తున్నది.

అసలు ఈ బలం ఎక్కడినుండి వస్తుంది? పెట్రోలునుండి అని వెంటనే అంటాము. కాని పెట్రోలును ఎంతైనా పోయవచ్చును. దానిని కాల్చడానికి చాలినంత గాలి దొరకడమే కష్టం. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో సుమారు పదునాలుగు పాళ్ళ ముప్పాతిక గాలి కావాలి. పిండి కొద్దీ రొట్టె అన్నట్లు, గాలి కొద్దీ బలం. ఇంజనును బలపరచడమంటే ముందుగా దానికి ఊపిరి తీయడం నేర్పడమే. గాలి వచ్చే దారిని నునుపు చేయడం, కవాటాలను పెద్దవి చేయడం, అవి తెరుచుకొని ఉండే కాలాన్ని పెంచడం, కాలిన పొగ ఆటంకం లేకుండా బయటపడేట్లు గొట్టాల పొడవును సరిచూడడం, ఇవన్నీ ఆ కోవకు చెందిన పనులే.

రెండవ మార్గం, పీల్చిన గాలిని మరింత అదిమి కాల్చడం. దీనిని సంపీడన నిష్పత్తి పెంచడమంటారు. పదకొండు లీటర్ల జాగాలోని మిశ్రమాన్ని ఒక లీటరులోకి అదిమితే, అదే పెట్రోలు ఎక్కువ పని చేస్తుంది. అయితే ఇక్కడే ప్రమాదం పొంచి ఉన్నది. అతిగా అదిమితే, నిప్పురవ్వనుండి మంట వరుసగా వ్యాపించక, మిగిలిన మిశ్రమమంతా ఒక్కసారిగా పేలుతుంది. మెకానిక్కులు నాకింగు అనేది ఈ సుత్తిదెబ్బల చప్పుడునే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలోను, ఆ తరువాతను ఇంగ్లండులో హారీ రికార్డో ఈ విషయమై చేసిన పరిశోధనలు నేటికీ ఇంజనీర్లకు పునాది. ఆ దెబ్బలు కొంతసేపు సాగితే పిస్టను తల కరిగి చిల్లు పడవచ్చును.

మూడవ మార్గం వేగం పెంచడం. దీనికి చెల్లించే సుంకం ఎక్కువ. నిమిషానికి 9,000 చుట్లు తిరిగే ఇంజనులో ప్రతి పిస్టనూ సెకనుకు 150 సార్లు పైకి, 150 సార్లు క్రిందికి పోతుంది. ప్రతి కొసలోను పూర్తిగా ఆగి వెనుదిరగాలి. పిస్టను కదలిక పొడవు 65 మిల్లీమీటర్లు అనుకుంటే, అట్లా వెనుదిరిగే క్షణంలో దాని మీద పడే బలం దాని బరువుకు మూడువేల రెట్లకు మించి ఉంటుంది. అర కిలో బరువుగల పిస్టను ఆ క్షణంలో ఒకటిన్నర టన్నుల బరువై కనెక్టింగ్ రాడ్డును పట్టి లాగుతుంది. పైగా ఈ బలం వేగంతో సమంగా పెరగదు. వేగం రెండింతలైతే బలం నాలుగింతలవుతుంది. రాడ్డును పట్టి ఉంచే రెండు చిన్న బోల్టులు ఈ తాకిడినంతా భరించాలి. వాటిలో ఒకటి తెగితే రాడ్డు ఇంజను గోడను చీల్చుకొని బయటికి వస్తుంది. కారే నూనె వెనుక చక్రాల క్రింద పడుతుంది. అప్పుడు వెనుక కూర్చున్న ఇంజనుకే కాదు, ముందు కూర్చున్న మనిషికి కూడ ప్రాణసంకటమే.

అందుచేతనే ఇటువంటి ఇంజనును కూర్చడం బిగింపుల పని కాదు, కొలతల పని. ఇరుసుకు, దానిని మోసే బేరింగుకు నడుమ నూనెపొర నిలవడానికి ఇరుసు మందంలో సుమారు వెయ్యవ వంతు సందు ఉండాలి. 50 మిల్లీమీటర్ల ఇరుసుకు ఒక మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు. సందు తగ్గితే నూనె చొరక లోహం లోహాన్ని తింటుంది; పెరిగితే నూనె జారిపోయి పొర నిలవదు. పిస్టన్లను, రాడ్లను ఒక్కొక్కటే తూచి గ్రాముల వరకు సమం చేస్తారు. బోల్టును ఎంత బలంతో బిగించామనేది చాలదు. బిగించినప్పుడు అది ఎంత సాగిందో కూడ కొలుస్తారు. పిస్టను తల మీద మెత్తని మట్టివంటి ముద్దను ఉంచి, ఇంజనును చేతితో నెమ్మదిగా తిప్పి, తిరిగి విప్పి చూస్తారు. కవాటం ఆ ముద్దలో ఎంత లోతుగా అచ్చు వేసిందో దానిని బట్టి, కవాటానికి పిస్టనుకు నడుమ ఎంత సందు మిగిలిందో తెలుస్తుంది. ఇంత ఓర్పుతో కూర్చిన ఇంజను చూపులకు మామూలు ఇంజను వలెనే ఉంటుంది.

ఇల్లు అలకగానే పండుగ కాదు. ఇంజనును డైనో మీదికి ఎక్కించిన తరువాత అసలు పరీక్ష మొదలవుతుంది. తొలుత తక్కువ బరువు మీద నడిపి, నూనె ఒత్తిడిని, వేడిని కనిపెడతారు. నూనెను తీసి వడపోతలో లోహపు పొడి ఏమైనా చిక్కిందా అని చూస్తారు. తరువాత క్రమంగా బరువు పెంచుతూ, ఒక్కొక్క వేగం వద్ద నిలిపి టార్కును వ్రాసుకుంటారు. ఈ దశలో సరిచూచేవి ముఖ్యంగా రెండు. మొదటిది మిశ్రమం. పూర్తిగా కాలడానికి పదునాలుగు ముప్పాతిక పాళ్ళ గాలి అని ఇంతకుముందు చెప్పాను. కాని గరిష్ఠ బలానికి పన్నెండున్నర నుండి పదమూడు పాళ్ళ వరకు గాలి ఉండేట్లు, అంటే పెట్రోలు కొంచెం ఎక్కువగా ఉండేట్లు చూస్తారు. ఆ అదనపు పెట్రోలు లోపలి వేడిని కూడ కొంత చల్లార్చుతుంది. రెండవది నిప్పురవ్వ పడే సమయం. పిస్టను పైకొసకు చేరకముందే రవ్వ పడాలి. ఎంత ముందు అనేది ప్రతి వేగానికీ మారుతుంది. రవ్వను కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ పోతే టార్కు పెరుగుతూ వచ్చి, ఒకచోట ఆగిపోతుంది. బుద్ధిమంతుడు అక్కడే ఆగుతాడు, లేదా ఒక అడుగు వెనుకకు వేస్తాడు. అది దాటి జరిపితే త్రాసు అదనంగా ఏమీ చూపదు. నాకింగు మాత్రం దగ్గరవుతుంది.

త్రాసు చెప్పినదాన్ని కూడ వివేకంతోనే చదవాలి. గాలి వేడెక్కితే పలుచబడుతుంది. 20 డిగ్రీల గాలితో పోల్చితే 40 డిగ్రీల గాలి సాంద్రత నూటికి ఆరు పాళ్ళకు పైగా తక్కువ. మన వేసవి మధ్యాహ్నం తూచిన ఇంజను, డిసెంబరు తెల్లవారుజామున తూచిన అదే ఇంజను ఒకే అంకె చూపవు. అందుకే వేడిని, గాలి ఒత్తిడిని కొలిచి, ఒక ప్రామాణిక వాతావరణానికి సరిపెట్టి లెక్క చెబుతారు. ఇంజనును విడిగా తూచినప్పటి అంకె వేరు. కారును చక్రాలతో సహా రోలర్ల మీద నిలిపి తూచినప్పటి అంకె వేరు. రెండవదానిలో గేర్లు, టైర్లు తమ వంతు తిన్న తరువాత మిగిలినదే కనబడుతుంది. ఈ రెండింటినీ పోల్చడం శేరుతో కొలిచినదానిని కుంచంతో కొలిచినదానితో పోల్చడం వంటిది.

ఇంత జాగ్రత్తగా తూచిన తరువాత కూడ త్రాసుకు అందని రహస్యాలు మిగులుతాయనడానికి చరిత్రలో ఒక గొప్ప నిదర్శనం ఉన్నది. ఇంగ్లండులో కీత్ డక్‌వర్త్, మైక్ కాస్టిన్ అనే ఇద్దరు ఇంజనీర్లు తమ పేర్లలోని ముక్కలను కలిపి 1958లో కాస్వర్త్ అనే సంస్థను నెలకొల్పారు. 1966నుండి ఫార్ములా వన్ పందేలలో మూడు లీటర్ల ఇంజన్లు అమలులోకి వచ్చినవి. ఫోర్డ్ కంపెనీ లక్ష పౌనుల ధనసహాయం చేయగా, డక్‌వర్త్ ముందుగా నాలుగు సిలిండర్ల ఇంజనును తయారు చేసి, సిలిండరుకు నాలుగు కవాటాల పద్ధతిని పరీక్షించి చూశాడు. ఆ అనుభవంతో ఎనిమిది సిలిండర్ల ఇంజనును నిర్మించాడు. అదే డి.ఎఫ్.వి. అనే పేరుతో ప్రసిద్ధి పొందినది. దాని పరిమాణం 2,993 ఘన సెంటీమీటర్లు. నిమిషానికి 9,000 చుట్ల వద్ద సుమారు 400 అశ్వశక్తులు ఇచ్చింది. పూర్తిగా ఊపిరి తీస్తే ఆ వేగంలో నిమిషానికి పదమూడు వేల ఐదువందల లీటర్ల గాలిని మింగుతుంది. అంతేకాదు, కారు వెనుక భాగానికి వేరే చట్రం లేకుండా ఈ ఇంజనే వెన్నెముకగా నిలిచింది.

1967 జూన్ 4వ తేదీన హాలెండులోని జాండ్‌వోర్ట్‌లో లోటస్ కార్లలో అది మొదటిసారిగా పందెంలోకి దిగింది. జిమ్ క్లార్క్ గెలిచాడు. తొలి పందెంలోనే విజయం అని లోకం వేనోళ్ళ పొగిడింది. కాని అదే పందెంలో, అదే ఇంజనుతో ముందు నడుస్తున్న గ్రాహం హిల్ కారు, కవాటాలను నడిపే గేరు పళ్ళు విరిగి ఆగిపోయింది. గెలిచిన కారును చూసి సంతోషించడం అందరికీ సులువే. ఆగిన కారును చూసి కారణం వెదకడమే ఇంజనీరు పని. ఆ గేర్లకు లెక్క ప్రకారం చాలినంత బలం ఉన్నది. అయితే కవాటాలను నొక్కేటప్పుడు ఒక వైపు, అవి తిరిగి లేచేటప్పుడు మరొక వైపు పడే తోపుల వల్ల గేర్ల వరుసలో కంపనాలు పుట్టి, లెక్కకు మించిన దెబ్బలు తగులుతున్నవని తేలింది. పళ్ళను లావు చేసినందువల్ల ప్రయోజనం లేదు. గేరు నడుమ సన్నని ఉక్కు కడ్డీలను అమర్చి, అవి కొంచెం మెలి తిరిగి ఆ దెబ్బలను తమలో ఇముడ్చుకునేట్లు డక్‌వర్త్ ఏర్పాటు చేశాడు. బలాన్ని బలంతో ఎదిరించక, కొంచెం వంగి నిలిచినది నిలబడింది.

మరొక చిక్కు కూడ వచ్చింది. ఈ ఇంజను 6,500 చుట్ల వరకు మెత్తగా ఉండి, అక్కడినుండి ఒక్కసారిగా విజృంభించేది. మలుపు నడుమ ఆ విజృంభణ వస్తే కారును నిలపడం కష్టం. కాగితం మీద గరిష్ఠ అంకె ఎంత గొప్పదైనా, అక్కడికి చేరే దారి నునుపుగా లేకపోతే చోదకునికి అది వరం కాదు. డైనో కాగితం మీద శిఖరాన్ని మాత్రమే చూడరాదు, శిఖరానికి ఎక్కే మెట్లను కూడ చూడాలి అనడానికి కారణం ఇదే. ఇట్లా ఒక్కొక్క దోషాన్నే సవరించుకుంటూ పోగా, ఆ వంశపు ఇంజన్లు 1983లో డెట్రాయిట్ పందెం వరకు మొత్తం 155 గ్రాండ్ ప్రీ విజయాలు సాధించినవి. బలం 500 అశ్వశక్తుల ప్రాంతానికి పెరిగింది. 1975లో ఫ్రాన్సులోని లె మాన్‌లో ఇరవైనాలుగు గంటల పందెానికి ఈ ఇంజనునే వాడినప్పుడు మాత్రం, బలాన్ని బుద్ధిపూర్వకంగా తగ్గించి, వేగానికి హద్దు పెట్టారు. జాకీ ఇక్స్, డెరెక్ బెల్ నడిపిన ఆ కారే గెలిచింది. రెండు గంటల పందెానికి పనికివచ్చే తూకం ఒక రాత్రి, ఒక పగలు సాగే పందెానికి పనికిరాదని వారు గ్రహించారు.

ఈ కథ మనకెందుకు అని శ్రోతలు కొందరు అనుకోవచ్చును. మన ఊళ్ళలో సైలెన్సరు తీసివేసి, వీధి అదిరేట్లు మోటారుసైకిలు నడిపే యువకులను ప్రతి ఇంటివారూ చూస్తూనే ఉన్నారు. చప్పుడు పెరిగితే బలం పెరిగిందని వారి నమ్మకం. డైనో మీద నిలిపి చూస్తే అటువంటి మార్పువల్ల బలం పెరగకపోగా, కొన్ని వేగాల వద్ద తగ్గడం కూడ కద్దు. ఎందుకంటే పొగగొట్టం పొడవు, లావు ఆ ఇంజను ఊపిరికి సరిపడేట్లు అమర్చినవి. త్రాసుకు చెవులు లేవు. అది మోతను లెక్కించదు. ఇక బలం నిజంగానే పెరిగినదనుకుందాము. బ్రేకులు, టైర్లు, చట్రం పాత బలానికి తగినట్లుగానే ఉన్నవి కదా! తయారీదారు నిర్ణయించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం నిషేధిస్తున్నది. అది పెద్దలు పిల్లల సరదాను చెరచడానికి పెట్టిన ఆంక్ష కాదు. ఎదురుగా నడిచి వచ్చే ముసలివారి ప్రాణానికి, పిల్లల ప్రాణానికి వేసిన కంచె.

వేగం మీద మక్కువ తప్పు కాదు. దానికి తగిన చోటు ఉన్నది. ఒకనాడు మద్రాసు సమీపాన షోలవరం విమానాశ్రయపు బాట మీద పందేలు జరిగేవి. 1990నుండి ఇరుంగట్టుకోటలో అందుకై నిర్మించిన బాట ఉన్నది. కోయంబత్తూరులోను అటువంటిది ఉన్నది. 2023 ఫిబ్రవరిలో మన హైదరాబాదు హుస్సేన్ సాగర తీరాన విద్యుత్తు కార్ల పందెం జరిగింది. పెట్రోలు లేని ఆ కార్ల మోటార్లను కూడ డైనో మీదనే తూస్తారు. యంత్రం మీద ఆసక్తిగల యువకుడు లేతు పని, కొలతల పని నేర్చుకుంటే అతనికి అది జీవనోపాధి కూడ కాగలదు.

కనుక మీ ఇంటిలోని కుర్రవాడు ఎప్పుడైనా తన బండి బలం పెరిగిందని ఉత్సాహంతో చెప్పినప్పుడు అతనిని కసరుకోవద్దు. మూడు ప్రశ్నలు అడగండి: ఎక్కడ తూచావు, ఇంజను వద్దనా, చక్రాల వద్దనా? ఎంత వేడి గాలిలో తూచావు? ఆ బలం మీద ఎంతసేపు నిలిచి నడిచింది? ఈ మూడింటికీ అతడు కాగితం చూపి సమాధానం చెప్పగలిగితే, అతనిలో ఒక ఇంజనీరు ఉన్నాడని సంతోషించండి. చెప్పలేకపోతే, ఆ ప్రశ్నలే అతనిని వీధినుండి పనిముట్ల దగ్గరకు నడిపించవచ్చును.